అత్తమ్మ చేతితో చూసిన గడ్డ

పెళ్లయిన కొత్తలో నేను ఎంత సన్నగా ఉండేదాన్నంటే, కట్టంగూరు బడిలో పిల్లలు నా వెనక నన్ను బలపం టీచరమ్మ అనుకునేవారు. గట్టిగా రాస్తే విరుగుతానని కాబోలు. ఆ మాట నా చెవిన పడ్డా నాకు కోపం రాలేదు. పలకా బలపమూ తప్ప మరో సంపద లేని బడిలో బలపం కావడం చిన్న గౌరవమేమీ కాదు. పలకనైతే రోజూ ఉమ్మి పెట్టి తుడిచేవారు.

అరవైల మొదటి సంవత్సరాల సంగతి ఇది. మా ఆయన నల్లగొండ తాలూకా కచ్చేరీలో గుమాస్తా. అక్కడే ఒక గదిలో ఉంటూ ఆదివారం ఆదివారం సైకిల్‌ను బస్సు మీద వేసుకుని వచ్చేవాడు. కట్టంగూరులో సడక్ పక్కన మాది రెండు గదుల కిరాయి ఇల్లు. అందులో నేను, మా అత్తమ్మ, ఆరేడు నెలల నా బిడ్డ. లారీ పోయినప్పుడల్లా గూట్లో గిన్నెలు గలగలమనేవి. బిడ్డ ఆ చప్పుడుకు నిద్రపోయేది, చప్పుడు ఆగితే లేచి ఏడ్చేది. ఇప్పుడు ఇంత నిశ్శబ్దమైన ఇంట్లో ఉంటున్నాను గానీ, ఆ గిన్నెల మోత వినకుండా పట్టే నిద్ర నాకింకా అరువు నిద్రలాగే ఉంటుంది.

ఇంటి వెనక చేదబావి ఉండేది. దసరా వెళ్లిన కొన్నాళ్లకు ఒక పొద్దున నీళ్లు తోడుతున్నాను. నిండు బొక్కెనను ఎడమ చేత్తో బావి ఒరకు ఆనించి పట్టుకుని, జారుతున్న కొంగును కుడిచేత్తో సర్దుకుంటుంటే, ఎడమ రొమ్ముకూ ఛాతీ నడిమి ఎముకకూ మధ్య ఏదో గట్టిగా తగిలింది. బొక్కెన దించి మళ్లీ తడుముకున్నాను. ఏమీ లేదు. భ్రమ అనుకున్నాను. మర్నాడు బావి దగ్గరే మళ్లీ తగిలింది. ఇంట్లోకొచ్చి చూసుకుంటే మళ్లీ లేదు. ఉంటే ఉందని భయం, లేకపోతే లోపలికి పోయి ఏం చేస్తోందోనని అంతకన్నా భయం.

భయానికి కారణం ఉంది. అంతకుముందు ఏడే మా వాడకట్టులో ఒకామె రొమ్ములో గడ్డను ఎవరికీ చెప్పకుండా కొంగు కింద దాచుకుంది. చెప్పే సరికి చెయ్యగలిగిందేమీ మిగల్లేదు. ఆమె పిల్లలిద్దరూ నా తరగతిలోనే ఉండేవారు. చిన్నవాడికి చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. నా బిడ్డ గుండీలు ఎవరు పెడతారన్న ఆలోచన రాగానే సిగ్గు పక్కన పెట్టి అత్తమ్మకు చెప్పేశాను.

మా అత్తమ్మది హుజూర్‌నగర్ దిక్కు పల్లె. బలమైన మనిషి. ఆమెకు కళ్లకన్నా చేతి మీద నమ్మకం ఎక్కువ. వడ్లు ఎండాయో లేదో, బర్రెకు జ్వరముందో లేదో, బిడ్డకు కడుపు నిండిందో లేదో అన్నీ అరచేత్తోనే తేల్చేది. ఆమె పోయి చాలా కాలమైనా, ఇప్పటికీ నాకు జ్వరమొస్తే థర్మామీటరు చెప్పిన మాట మీద పూర్తి నమ్మకం కుదరదు.

"ఏదీ, చేతులు తియ్యి," అంది.

నేను తియ్యలేదు. తియ్యాలనే అనుకున్నాను గానీ చేతులు నా మాట వినలేదు. కొంగును రెండు గుప్పిళ్లతో ఛాతీకి అదిమి పట్టుకుని నిలబడ్డాను. అత్తమ్మే ఎట్లాగో సందు చేసుకుని చెయ్యి పెట్టింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"ఉన్నదే పిల్లా," అంది మెల్లగా.

ఆ వారమే నల్లగొండ పెద్ద దవాఖానకు పోయాం. అక్కడి డాక్టరు పెద్దవాడు, మర్యాదస్తుడు. ఆ మర్యాదే మా కొంప ముంచబోయింది. ఆ రోజుల్లో మా వైపు ఆడది మగ డాక్టరుకు నాలుక చూపిస్తే ఎక్కువ. ఛాతీ సంగతంటే వెంట వచ్చిన పెద్ద ఆడమనిషి తడిమి చెప్పాలి, డాక్టరు విని మందు రాయాలి. ఆయన తన కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. నేను ఎప్పటిలాగే కొంగును గుప్పిళ్లతో బిగించి పట్టుకున్నాను. అత్తమ్మ చెయ్యి కొంగు కిందికి పోయింది.

"ఎంత ఉందమ్మా?" అని కిటికీని అడిగాడు డాక్టరు.

"గింత," అని వేలు మీద చూపించింది అత్తమ్మ. ఆయన బయట చింతచెట్టు వైపు చూస్తున్నాడు గనక ఆ గింత ఎంతో ఆయనకు తెలిసే దారి లేదు.

"గింతంటే ఎంత?"

"పోకకాయంత అనుకో సారూ."

"మెత్తగా ఉందా, గట్టిగా ఉందా?"

"గట్టిగ. బండ తీర్గ."

"పక్కకు నొక్కితే కదులుతుందా?"

"కదుల్తలేదు. పాతుకపోయింది."

పాతుకుపోయింది అనే మాట వినగానే నా పిడికిళ్లు ఇంకా బిగుసుకున్నాయి. వెంటనే అత్తమ్మ గాభరాగా, "సారూ, గిప్పుడే ఇంక పెరిగింది!" అంది.

డాక్టరు గిర్రున తిరగబోయి, మర్యాద గుర్తొచ్చి మళ్లీ చింతచెట్టు వైపుకే తిరిగాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. కదలని గడ్డ మంచిది కాదు. కోసి తియ్యాలి. రొమ్ము మొత్తం తియ్యాల్సి రావచ్చు. ఈలోగా ఆ వైపు బిడ్డకు పాలివ్వకూడదు, గుడ్డ బిగించి కట్టాలి.

"మొగ డాక్టర్లు కోస్తరా సారూ?" అంది అత్తమ్మ.

"పాలమూరులో మిషన్ దవాఖాన ఉందమ్మా. అక్కడ డాక్టరమ్మ ఉంది. కోత కూడా ఆమే చేస్తుంది. నేను మీ చేతితో చూశాను. ఆమె తన కళ్లతో చూస్తుంది. జల్దీ పోండి."

ఇంటికొచ్చాక అత్తమ్మ పాత ధోవతి చింపి నాకు పట్టీ కట్టింది. నా బిడ్డకు మొదటి నుంచీ ఎడమ వైపే ఇష్టం. కుడి వైపు పెడితే, పెళ్లిలో చివరి పంక్తిలో కూర్చోబెట్టినట్టు ముఖం పెట్టేది. ఆ పట్టీని గుప్పిట పట్టి లాగుతూ ఏడ్చేది. పాలు గడ్డకట్టి నొప్పి, దాని ఏడుపు ఒక నొప్పి. అత్తమ్మ ఎక్కడినుంచో మేకపాలు తెచ్చి ఉగ్గుగిన్నెతో పట్టేది. నాకు చూపించకుండా మూలకు తిరిగి పట్టేది.

ఆదివారం మా ఆయన వచ్చాడు. విషయం విన్నాడు. ఆయన ఇంట్లో కూడా దరఖాస్తు రాసినట్టు ఆచితూచి మాట్లాడే మనిషి. చాలాసేపు వాసాలు లెక్కపెట్టి, "అది పోతే పోయింది. నువ్వుండాలె," అన్నాడు. అనేసి, సడక్ మీద ఏదో లారీ తనకోసమే ఆగినట్టు గబగబా బయటికి పోయాడు. ఆ కాపురంలో నేను విన్న మాటలన్నిటిలో పొడుగైన ప్రేమ మాట అదే. నేను మాత్రం ఆ రాత్రికి వంట చేస్తూ, ఉన్నదే అంతంత మాత్రం, అందులోనూ సగం కోత అంటే ఇది మరీ కరువు జిల్లా లెక్క అని నవ్వుకోబోయి ఏడ్చాను.

సెలవు దొరకదు గనక ఆయన కోత రోజుకు వస్తానన్నాడు. నేనూ, అత్తమ్మా, బిడ్డా బయలుదేరాం. నల్లగొండలో ఒక బస్సు, దేవరకొండలో మరోటి, కల్వకుర్తిలో ఇంకోటి. అత్తమ్మ జొన్న రొట్టెలూ ఎల్లిపాయ కారమూ మూట కట్టింది. ఎర్ర నేలలు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టున్న బండలు, కంకి మీదున్న జొన్న చేలు. జడ్చర్ల దగ్గరికొచ్చేసరికి సడక్ పక్కన గంపల నిండా సీతాఫలాలు. బస్సు ఆగినప్పుడల్లా ఆ తియ్యని వాసన లోపలికొచ్చేది. బతికుంటే తిరుగు ప్రయాణంలో కొనుక్కోవాలి అనుకున్నాను. అంత భయంలోనూ నాలుక తన పని తాను చూసుకుంటూనే ఉంది.

దేవరకొండ దాటేసరికి నా గడ్డ సంగతి బస్సులో ఆడవాళ్లందరికీ తెలిసిపోయింది. అత్తమ్మ చెప్పకుండా ఉండలేదు. ఒకామె ముందుకు వంగి, "మా ఊర్ల ఒకాయన ఇనుపకడ్డి కాల్చి చురుకు పెడ్తడు. గడ్డ మాయమైతది," అంది.

"మీ ఊరాయన చురుకు మీ ఊర్లనే ఉంచుకోండ్రి," అంది అత్తమ్మ. "మా పంతులమ్మ పెయ్యి ఏమన్న కుండ పెంకా, కాల్చనీకె?"

నేను అత్తమ్మ భుజానికి తల ఆనించాను. పెళ్లయిన తర్వాత అదే మొదటిసారి.

మిషన్ దవాఖాన పొడుగాటి వరండాతో, వేపచెట్లతో బడిలాగే ఉంది. డాక్టరమ్మ పొట్టిగా, చురుగ్గా ఉంది. గుంటూరు వైపు మనిషట. "రండమ్మా, కూర్చోండి" అన్న ఆమె మాటకు అత్తమ్మ నా చెవిలో, "గీమె పాట పాడినట్టు మాట్లాడతాందేందే," అంది. పరీక్ష చేసే చోటికి ఆకుపచ్చ తెర. డాక్టరమ్మ అత్తమ్మను తెర బయట ఉండమంది.

"నేను చెప్పకపోతే మీకెట్ల తెలుస్తదమ్మా?" అంది అత్తమ్మ.

"నాకూ చేతులున్నాయి కదండీ పెద్దమ్మా."

"ఉంటయి లే. నాకు అలవాటైంది గద అని," అని గొణుగుతూ అత్తమ్మ బయటికి పోయింది.

తెర వెనకకు పోయాక రైక ముడి దగ్గరే ఆగిపోయాను. రైక విప్పడం, ఆడమనిషే అయినా, పరాయి కళ్ల ముందు. చేతులు మళ్లీ ఛాతీకి అతుక్కుపోయాయి. ఆమె ఎంతో ఓపికగా వాటిని పక్కకు జరిపి, జరిపిన చోట మళ్లీ వచ్చి చేరుతుంటే, ఆ సందులోంచే పరీక్ష చేసింది. నల్లగొండ డాక్టరు మాటే నిజమని తల ఊపింది. "రేపు పొద్దున్నే చేద్దాం. ఆలస్యం వద్దు," అంది. మా ఆయనకు తారు, అదే టెలిగ్రాం, కొట్టించారు.

పొద్దున నాకు స్నానం చేయించి, తెల్లటి దుప్పటి కప్పి మంచం మీద పడుకోబెట్టారు. బయట బిడ్డ ఏడుపు. ఎంతకూ ఆగకపోతే నర్సమ్మ దాన్ని తెచ్చి నా పక్కలో వేసింది. కోతకు ముందు చివరిసారిగా కుడి వైపు పాలిచ్చాను. అది తాగుతూ తాగుతూ నిద్రపోయింది. రాత్రంతా నిద్ర లేని నాకూ కళ్లు మూసుకుపోయాయి. ఎన్నాళ్ల తర్వాతో నా చేతులు ఒంటి పక్కన వదులుగా పడి ఉన్నాయి.

డాక్టరమ్మ ఎప్పుడొచ్చిందో తెలియదు. ఛాతీ మీద ఆమె వేళ్లు చల్లగా తగిలాయి. ఒక చోట ఆగాయి. వెనక్కి వచ్చాయి. మళ్లీ పోయాయి. కళ్లు తెరిచి చూస్తే ఆమె ముఖం, అల్మారాలో పెట్టిన వస్తువు కనబడని మనిషి ముఖంలా ఉంది.

"నిన్న ఉంది కదా ఇక్కడ?" అంది నాతోనే.

నేనేం చెప్పను? నాకూ ఎన్నోసార్లు కనబడకుండా పోయింది. "అది వస్తది, పోతది డాక్టరమ్మా," అన్నాను. ఇంతదాకా ఆ మాట ఎవరూ నన్ను అడగలేదు. గడ్డ గురించి అత్తమ్మనే అడిగారు.

ఆమె బిడ్డను తీసి నర్సమ్మకిచ్చి, నన్ను లేపి కూర్చోబెట్టింది. "రెండు చేతులూ జోడించు. అరచేతులు ఒకదానికొకటి గట్టిగా నొక్కు. ఇంకా గట్టిగా."

మిషన్ దవాఖాన గదా, కోతకు ముందు దేవుడికి దండం పెట్టిస్తారేమో అనుకున్నాను. ఏ దేవుడికో ఆమె చెప్పలేదు గనక, తెలిసిన వాళ్లందరికీ కలిపి గట్టిగా పెట్టాను.

"వదులు. మళ్లీ పెట్టు. వదులు."

దండం పెట్టినప్పుడల్లా ఛాతీ ఎముక పక్కన, పైనుంచి కిందికి, చాంతాడులాంటిది ఒకటి బిగుసుకుని లేచేది. వదలగానే ఒంట్లో కలిసిపోయేది. నేను తల వంచుకుని మొదటిసారి నా కళ్లతో దాన్ని చూశాను. డాక్టరమ్మ పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. చెమటతో ఆమె నుదురు మెరుస్తోంది.

"ఇది గడ్డ కాదమ్మా. కండ," అంది.

ఆమె తన గదిలోంచి లావాటి పుస్తకం తెచ్చింది. అందులో చర్మం లేని మనిషి బొమ్మ. అతని రొమ్ము కండ మీద, నడిమి ఎముకను అంటిపెట్టుకుని, రిబ్బనులాంటి సన్నని పట్టీ నిలువునా గీసి ఉంది. దాన్ని స్టెర్నాలిస్ అంటారట. చాలా కొద్దిమందికే ఉంటుందట. కొందరికి రెండు వైపులా, కొందరికి ఒక్క వైపే. దానివల్ల లాభం లేదు, నష్టం లేదు. ఒంట్లో ఉన్నవాళ్లకే తెలియకుండా పుట్టుక నుంచి పోయేదాకా ఉండిపోతుంది. నేను ముందే సన్నం, బిడ్డ పుట్టాక మరీ చిక్కాను. కప్పి ఉంచే కొవ్వు లేక అది చేతికి తగిలింది. బొక్కెన పట్టినప్పుడు బిగుసుకుంది. కొంగు అదిమి పట్టినప్పుడు బిగుసుకుంది. సిగ్గుతో, భయంతో నేను ఎంత బిగుసుకుంటే అది అంత గట్టిపడింది.

"చదువుకునే రోజుల్లో ఒక్కసారి, శవాన్ని కోసేటప్పుడు చూశాను," అంది ఆమె. "అప్పుడు కూడా అదేదో పనికిరాని పొర అనుకుని తెంపెయ్యబోయాం. నిన్న నాకు గుర్తు రానే లేదు చూడు. నీ భయాన్ని పట్టుకుని గడ్డ అనుకున్నాను. ఇవాళ కత్తి పెట్టి ఉంటే..." ఆ వాక్యం ఆమె పూర్తి చెయ్యలేదు. నేనూ ఇన్నేళ్లలో ఎప్పుడూ పూర్తి చేసుకోలేదు.

అప్పటికీ ఆమె తొందరపడలేదు. రెండు రొమ్ములూ, చంకలూ జాగ్రత్తగా వెతికింది. ఇంకో రెండు రోజులు ఉంచి పొద్దునా సాయంత్రం చూసింది. పంపించేటప్పుడు చెప్పింది: "ఎప్పుడైనా ఎవరైనా డాక్టరు నీ ఛాతీకి ఫొటో తీసినా, కోస్తానన్నా ముందే చెప్పు, నాకక్కడ ఒక కండ ఎక్కువని. తెలియని వాళ్లకు అది గడ్డలాగే కనిపిస్తుంది. అలాగని, నిజంగా ఏదైనా గడ్డ వస్తే ఇదీ కండేలే అని ఊరుకునేవు. బిగిస్తే వచ్చి, వదిలితే పోయేదే నీ కండ. వదిలినా పోనిది ఏదున్నా వెంటనే రా."

ఆ పొద్దునే డాక్టరమ్మ వరండాలోకి వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు అత్తమ్మ ముందు నమ్మలేదు.

"కండనా? దీనికా?" అని నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఊరంత మందికి లేని కండ గీ పుల్లకెట్ల వచ్చిందమ్మా?"

"పుట్టుకతోనే వచ్చింది పెద్దమ్మా."

"దాంతోటి ఏం పనైతది?"

"ఏ పనీ కాదు."

"గట్లనా. పనికిరాని కండ. పంతులమ్మలకు గసొంటిదే ఇస్తడు దేవుడు," అంది. అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ వరండా స్తంభానికి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె భుజాలు కదలడం చూశాక గానీ అది నవ్వు కాదని నాకు తెలియలేదు. నా కోసం ఆమె ఎంత భయపడిందో అప్పటిదాకా ఆ చేతులు నాకు చెప్పనే లేదు.

తారు అందుకుని మా ఆయన ఆ సాయంత్రానికి వచ్చాడు. దుమ్ము కొట్టుకుపోయి, కోత అయిపోయిందనుకుని, అడగడానికి నోరు రాక గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం కొయ్యలే. నీ పెండ్లాం పహిల్వానట," అంది అత్తమ్మ. "జర మంచిగ మసులుకో."

ఆయన నా వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, బిడ్డను ఎత్తుకుని వేపచెట్ల కిందికి పోయాడు. చాలాసేపటిదాకా రాలేదు.

కోత తప్పింది గానీ పాల సంగతి మిగిలింది. డాక్టరమ్మ ఇక పట్టీ కట్టొద్దని చెప్పి, ఆ వైపు కూడా పట్టమంది. బిడ్డ నోరు పెట్టి, ఏమీ రాక, మోసపోయినట్టు ఏడ్చింది. అన్ని రోజులు బిగించి కట్టడంతో పాలు ఎండిపోయాయి. తిరుగు బస్సులో మళ్లీ ప్రయత్నించాను. ముఖం తిప్పేసుకుంది. ఒకప్పుడు అదే కావాలని పట్టీ పీకిన పిల్ల, ఇప్పుడు ఆ వైపు తల పెడితే వీపు విల్లులా వంచేది. సీతాఫలాలు కొన్నామే గానీ నాకు రుచి తెలియలేదు. నాది నాకు దక్కింది, దానికి మాత్రం దక్కలేదే అన్న దిగులు.

కట్టంగూరులో అత్తమ్మ పట్టు వదల్లేదు. జొన్న గట్కలో ఎల్లిపాయలు దంచి వేసి పెట్టింది. గోరువెచ్చటి నూనె రాసింది. "దాని ముంగట ఫికరు పడకు. పిల్లకు తెలుస్తది. ఆకలైనప్పుడు కాదు, నిద్రమబ్బుల పెట్టు," అని చెప్పేది. నేను పెట్టేదాన్ని, అది తోసేసేది. బలవంతం చెయ్యకుండా కుడి వైపుకు మార్చేదాన్ని.

ఒక మధ్యాహ్నం బడి నుంచి భోజనానికి ఇంటికొచ్చాను. బిడ్డ ఉయ్యాలలో సగం నిద్రలో ఉంది. ఎత్తుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. అది కళ్లు తెరవకుండానే నోటితో వెతుక్కుని, ఏ వైపో చూసుకోకుండానే పట్టుకుంది. ఎడమ వైపే. నేను ఊపిరి బిగబట్టి, అమ్మో బిగించకూడదు అనుకుని వెంటనే వదిలేశాను. మొదట ఏమీ లేదు. తర్వాత సన్నగా, లోపలెక్కడో సూది దిగినట్టు చురుక్కుమంది. బిడ్డ గొంతులో గుటక పడ్డ చప్పుడు వినిపించింది. మళ్లీ ఇంకోటి.

"అన్నం పెట్టిన, రాయే. బడికి యాళ్లైతాంది," అని అత్తమ్మ వంటింట్లోంచి పిలిచింది.

"వస్తున్న అత్తమ్మా," అన్నాను గానీ లేవలేదు. చెయ్యి తిమ్మిరెక్కుతోంది. పిల్లలు బడి ముందు నా కోసం చూస్తుంటారు. చూడనియ్యి అనుకున్నాను.